నా కారుకి జరిగిన తనిఖీ

నా కారు ఘాట్ రోడ్డు మీంచి కిందికి పోయినప్పుడు దాన్ని నడుపుతున్నది ఎవరూ కాదు. ఈ ముక్క ఆ తర్వాత నేను చాలామందికి చెప్పుకోవలసి వచ్చింది. విన్న ప్రతివాళ్ళూ నన్ను ఒకలాగే చూశారు. బీమా కంపెనీ వాళ్ళ ఫోన్‌లో మాట్లాడిన అమ్మాయైతే డ్రైవరుకి గాయాలయ్యాయా అని అడిగింది. డ్రైవరు లేడన్నాను. పారిపోయాడా అంది. డ్రైవర్ని నేనే తల్లీ, నేను బయట గొడుగేసుకుని నిలబడి చూస్తున్నాను అన్నాను. కాసేపు ఫోన్‌లో పాట వచ్చింది. పాటయ్యాక ఆ అమ్మాయి మళ్ళీ మొదటి ప్రశ్న నుంచి మొదలుపెట్టింది.

మాది పార్వతీపురం వైపు. ఉద్యోగం మాత్రం అరకు పైన కొండ మీద, ఒకే ఒక్క టీచరున్న ప్రాథమిక పాఠశాలలో. ఆ ఒక్కదాన్నీ నేనే. అరకులో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేదాన్ని. మా ఆయన ఉద్యోగం పార్వతీపురంలోనే. అరకు నుంచి బస్సు ఒక చోట వరకూ వస్తుంది, అక్కడ డ్రైవరు ఇంక నావల్ల కాదని బండి వెనక్కి తిప్పేస్తాడు. అక్కణ్ణించి ఊరికి ఆరు కిలోమీటర్ల ఎక్కుడు. మొదటి రెండేళ్ళూ నడిచాను. మూడో ఏడు మోకాలు మొరాయించింది. డాక్టరు కొండలెక్కడం మానెయ్యమన్నాడు. కొండ మీద ఉద్యోగం చేసేవాళ్ళకి ఇదెంత గొప్ప సలహానో ఆలోచించండి. అందుకని ఎవరో వాడి వాడి వదిలేసిన ఒక చిన్న తెల్లకారు కొన్నాను. అది ఎక్కుడులో దగ్గేది, దిగుడులో మూలిగేది, వాన పడితే నాకంటే ముందే తడిసేది. అయినా మూడేళ్ళు నన్ను మోసింది.

ఇక్కడ ఒక నిజం చెప్పుకోవాలి. బదిలీల కాలం వచ్చింది. ఆఫీసులో ఇవ్వడానికి నేనొక అర్జీ రాసి పెట్టుకున్నాను. ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. నేను వెళ్ళిపోతే ఆ బడికి ఇంకొకరు వస్తారన్న నమ్మకం ఎవరికీ లేదు. నాకు ముందున్న మాస్టారు మోటారుసైకిలు పాడయ్యాక మళ్ళీ రాలేదు, ఏడాదిన్నర బడికి తాళమే. ఈసారి మూతపడితే పిల్లల్ని గెడ్డ అవతలి బడిలో కలిపేస్తామని పైవాళ్ళు అప్పుడే అంటున్నారు. వానాకాలం పొంగి పారే ఆ గెడ్డని పెద్దవాళ్ళే దాటలేరు. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసే రాశాను. 'పాఠశాలకు చేరుటకు నాకున్న ఏకైక ఆధారము నా సొంత కారు. అది మిక్కిలి పాతదైనందున ఎప్పుడు ఆగిపోవునో తెలియని స్థితిలో ఉన్నది. కావున...' అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, బ్యాగులో పెట్టుకుని నాలుగు రోజులుగా తిప్పుతున్నాను. ఇవ్వడానికి కాళ్ళు రాలేదు, చింపెయ్యడానికి చేతులు రాలేదు.

ఆ రోజు బడి వదిలాక వాన కాస్త తెరిపిచ్చింది, తుంపర మాత్రం ఆగలేదు. కిందికి దిగుతుంటే ఒక మలుపులో సిల్వర్ ఓక్ కొమ్మ విరిగి రోడ్డుకి అడ్డంగా పడి ఉంది. కారాపి, హ్యాండ్ బ్రేకు లాగి, గొడుగు తీసుకుని దిగాను. లాగాననే ఇప్పటికీ నా నమ్మకం. కొమ్మ పట్టుకుని ఈడుస్తుంటే నా పక్కనుంచి కారు మెల్లగా వెళ్ళిపోతోంది. 'ఆగు' అన్నాను, బళ్ళో బెల్లు కొట్టకుండానే పరిగెత్తే పిల్లల్ని ఆపే గొంతుతో. పిల్లలైతే ఆగేవాళ్ళు. అది రోడ్డంచు దిగి, కాఫీ మొక్కల్లోంచి తిన్నగా పోయి, ఒక సిల్వర్ ఓక్‌ని గుద్దుకుని, రెండు పల్టీలు కొట్టి వెల్లకిలా పడింది. చక్రాలు ఇంకా తిరుగుతున్నాయి. హారను దానంతటదే మోగుతోంది. నా ఫోను, టిఫిను డబ్బా, పిల్లల పరీక్ష పేపర్లు, అర్జీ ఉన్న బ్యాగు, అన్నీ అందులోనే ఉన్నాయి. నేను ఒక చేతిలో గొడుగు, ఒక చేతిలో కొమ్మ పట్టుకుని నవ్వాను. తర్వాత రోడ్డు మీదే కూర్చుండిపోయాను.

ఆ కాఫీ తోట యజమాని మా బడి ఉన్న ఊరిపెద్దే. హారను విని పైకొచ్చాడు. ముందు నన్ను తల నుంచి కాళ్ళ దాకా చూసి, నువ్వు దాన్లో లేవు కదా అని అడిగాడు. లేనన్నాక అప్పుడు కారుకేసి చూశాడు. దారంట పోయే మోటారుసైకిలు ఆపి నన్ను అరకు పంపించాడు.

దారిలో మళ్ళీ వానకి తడిసిన ఒళ్ళు, భయం కలిసి ఆ రాత్రే జ్వరం పట్టుకుంది. ఇంటావిడ ఫోనుతో మా ఆయనకి చెప్పాను. నువ్వు బాగున్నావు కదా అని ఒకసారి, కారులో మనిషి లేకుండా అదెలా పడిందని పదిసార్లు అడిగాడు. బీమా వాళ్ళకీ చెప్పాను. గురువారం విశాఖపట్నం నుంచి సర్వేయరు వచ్చి చూస్తాడు, అప్పటిదాకా కారుని పడిన చోటి నుంచి అంగుళం కూడా కదపకూడదు అన్నారు. బాగు చెయ్యడానికయ్యే ఖర్చు కారు విలువలో ముప్పాతిక దాటితే టోటల్ లాస్ అంటారట, అప్పుడు మొత్తం సొమ్ము ఇచ్చేస్తారట. ఆ సొమ్ముతో ఇంకో కారు కొనుక్కుని ఇక్కడే ఉండాలా, సొమ్ము తీసుకుని దిగిపోవాలా అన్నది ఇంకా తేల్చుకోలేదని జ్వరంలో నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. తేల్చేసుకున్నాను. కారు పోయింది కాబట్టి నా అర్జీకి ఇప్పుడు నూటికి నూరుపాళ్ళ బలం వచ్చింది. ఒకటి సొమ్ము, రెండోది బదిలీ, రెండూ ఒకే దెబ్బకి.

మర్నాడు, సరుకులున్న రోజు మాత్రమే ఊరికి పోయే జీపు డ్రైవరుతో కబురు పంపాను: గురువారం ఆఫీసరుగారు కారు చూడ్డానికి వస్తున్నారు, అప్పటిదాకా దాన్ని ఎవరూ ముట్టుకోకుండా చూడండి అని. డ్రైవరు ఆ మాట పొల్లుపోకుండా చెప్పాడని తర్వాత నేనే ఆరా తీశాను. పాపం అతని తప్పేమీ లేదు.

గురువారం సర్వేయరు దిగాడు. యాభై దాటిన మనిషి. తెల్లబూట్లకి పాలిథిన్ కవర్లు చుట్టి రబ్బరు బ్యాండ్లు వేసుకున్నాడు. జలగలుంటాయని ఎవరో చెప్పారట. తన కారుని బస్సాగే చోట వదిలేసి సరుకుల జీపులో నా పక్కన కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళలో తను చూసిన ప్రమాదాలన్నీ వరసగా చెప్పాడు గానీ, మనిషి లేని ప్రమాదం మాత్రం ఇదే మొదటిది అన్నాడు. ఎవరు నడుపుతున్నారు అన్న గడి ఖాళీగా వదిలితే కంప్యూటరు ఒప్పుకోదట.

మలుపు దగ్గర జీపాపించి, గర్వంగా కిందికి చెయ్యి చూపించాను. తర్వాత నేనూ చూశాను. కారు లేదు.

కారు లేకపోవడమే కాదు, కారు పడిన ఆనవాలే లేదు. విరిగిన కాఫీ మొక్కలకి వెదురుబద్దలు ఆనించి కట్లు కట్టారు. గుద్దుకున్న చెట్టుకి చెక్కు లేచిన చోట పేడా మట్టీ కలిపి పూశారు. నేల చదును చేసి, గాజుపెంకులు ఏరేసి, శుభ్రంగా ఊడ్చారు. సర్వేయరు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. ఏదో రాసుకున్నాడు. వంగి చూశాను, చెప్పిన స్థలములో వాహనము కనిపించలేదు అని రాశాడు. దొంగలెత్తుకుపోయారేమో అన్నాను. వెల్లకిలా పడున్న కారుని ఎత్తుకుపోయే దొంగలు కూడా తన అనుభవంలో లేరన్నాడు. అప్పుడే పైనుంచి, ఊరి వైపు నుంచి, డప్పులు వినిపించాయి.

ఊరు ఊరంతా బడి ముందు నిలబడి ఉంది. ఆడవాళ్ళు పండగ చీరలు కట్టుకుని ఒకరి నడుం ఒకరు పట్టుకుని థింసా ఆటకి వరస కట్టారు. పిల్లలు యూనిఫారాల్లో, నూనె రాసిన తలలతో, రెండు వరసల్లో నిలబడి, గుడ్ మార్నింగ్ సార్ అని కొండ దద్దరిల్లేలా అరిచారు. ఊరిపెద్ద ఎదురొచ్చి సర్వేయరు మెడలో బంతిపూల దండ వేశాడు. బడి ముందు ముగ్గు వేసి, ముగ్గు మధ్యలో నా కారుని నిలబెట్టారు.

నాకప్పుడు అర్థమైంది. తప్పు నాదే. ఈ ఆరేళ్ళలో ఎప్పుడు ఏ ఆఫీసరు తనిఖీకొచ్చినా ఊరందర్నీ పోగేసి నేను చేయించింది ఇదే. కూలిన గోడకి మట్టి మెత్తించడం, సున్నం కొట్టించడం, విరిగిన బల్లకి కాలు పెట్టించడం, దండ, ముగ్గు, డప్పు, గుడ్ మార్నింగ్. ఆఫీసరు చూడ్డానికొస్తున్నాడంటే ఉన్నదంతా బాగుచేసి చూపించాలని వాళ్ళకి నేర్పిందే నేను. పైగా ఆ ఊళ్ళో ఒక పద్ధతుంది. గాలివానకి ఎవరిల్లు కూలినా ఇంటికొక మనిషి వచ్చి మళ్ళీ లేపి నిలబెడతారు, ఇంటాయన్ని అడగరు. నా కారునీ అలాగే లేపారు. అడ్డతీగలతో పేనిన మోకులు కట్టి, నలభై మంది రెండు రోజులు లాగి, లోయలోంచి రోడ్డు మీదికీ, రోడ్డు మీంచి బడి దగ్గరికీ తెచ్చారు.

ఇక ఆ కారు సంగతి. అణిగిపోయిన పైకప్పుని కమ్మరితాత లోపల్నించి లేపి, మళ్ళీ కుంగకుండా రెండు సీట్ల మధ్య ఒక టేకు గుంజ పాతాడు, గుడిసెకి నిట్రాట పాతినట్టు. తలుపుల సొట్టలు సుత్తితో కొట్టి తీశాడు. తీరని చోట్ల ఎర్రమన్ను మెత్తి, దాని మీద ఆడవాళ్ళు తెల్లమట్టితో ఇంటి గోడలకి వేసే ముగ్గులే వేశారు. ముందద్దం పోయిన చోట కాఫీగింజలు ఆరబెట్టే పట్టా బిగించారు. పక్కద్దాల బదులు తలదువ్వుకునే గుండ్రటి అద్దాలు కట్టారు. బానెట్టుని అడ్డతీగతో బిగించి ముడేశారు. చక్రాలకి పసుపు రాశారు. పక్కనే ఒక చేటలో, లోయలో ఏరిన ఇనప ముక్కలూ మరలూ నట్లూ అన్నీ కడిగి, నూనె రాసి, పెద్దవి ఒక వరస, చిన్నవి ఒక వరస పేర్చి పెట్టారు. ఒక్క ముక్కా పోలేదు, ఎక్కడివో తెలవక మిగిలిపోనాయి, అంతే అన్నాడు కమ్మరితాత.

ఎవరూ ముట్టుకోకూడదని చెప్పి పంపాను కదా అని ఊరిపెద్దని నిలదీశాను. ముట్టుకోనివ్వలేదనే చెప్పాడు. బయటోలని ఒక్కల్ని కూడా ముట్టుకోనివ్వలేదట, రాత్రిపూట కాపలా కూడా పెట్టారట.

సర్వేయరు దండ తియ్యకుండానే కారు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. నాలుగోసారి గుంజని గోటితో కొట్టి చూశాడు. తర్వాత విచారణ మొదలుపెట్టాడు. అదీ తనిఖీలాగే నడిచింది. ప్రమాదం ఎవరు చూశారని అడిగితే, ప్రమాదమేటీ అవలేదని ఊరంతా ఒకే గొంతుతో చెప్పింది. కారుకేమైందంటే, ఏటీ అవలేదు, మంచి బండి, మా టీచరమ్మ రోజూ ఏళకి వస్తాది, రోజూ పాఠం చెప్తాది అన్నారు. లోయలో పడిందట కదా అంటే, పడితే ఇక్కడెందుకుంటాది అని ఒక ముసలమ్మ ఎదురడిగింది. సర్వేయరు పిల్లల వైపు తిరిగి, మీరైనా నిజం చెప్పండన్నాడు. ఆఫీసర్లడిగితే తడుముకోకుండా గట్టిగా చెప్పాలని నేనే కదా నేర్పాను. మా కారు చాలా బాగుంది సార్ అని గట్టిగా చెప్పారు. వాళ్ళ ఉచ్చారణకి ఇంకో రోజైతే మురిసిపోయేదాన్ని.

బాగుచేయించారు కాబట్టి బిల్లు కావాలన్నాడు సర్వేయరు. కమ్మరితాత ఆలోచించి లెక్క చెప్పాడు: రెండు కోళ్ళు, ఒక కుండ చోడి అంబలి, నలభై అడ్డాకుల్లో భోజనం. సర్వేయరు అలవాటు కొద్దీ రాసుకుని, పన్నుతో కలిపా అని అడిగి, ఆ తర్వాత తనే కొట్టేశాడు.

నాకు తిక్కరేగింది. జ్వరం తగ్గిన నీరసం, నా సొమ్ము, నా బదిలీ, అన్నీ ఒక్కసారి నెత్తికెక్కాయి. మీ నెత్తిన ఏం రాసిపెట్టాడర్రా దేవుడు, విరిగితేనే వాళ్ళు డబ్బిస్తారు, బాగుంటే పైసా ఇవ్వరు, మీరు బాగుచేసింది కారుని కాదు, నన్ను ముంచేశారు అని అందరి ముందూ అరిచేశాను. డప్పులు ఆగిపోయాయి. థింసా వరస విడిపోయింది. పెద్దలు నలుగురు పక్కకెళ్ళి వాళ్ళ భాషలో గుసగుసలాడుకున్నారు. ఊరిపెద్ద తిరిగొచ్చి సర్వేయరు ముందు చేతులు కట్టుకున్నాడు.

"మల్లీ అక్కడే పడీమంటే పడీత్తాం బాబూ. ఏ పక్క పైకుండాలో సెప్పు."

ఈ మాట తను వినలేదని సర్వేయరు నాతో చెప్పాడు. వినుంటే ఉద్యోగం పోతుందట. తర్వాత ఒక చాప తెప్పించుకుని, దండ తీసి ఒక పాప చేతికిచ్చి, తెల్లచొక్కాతో కారు కిందికి దూరాడు. చాలాసేపు ఆ పాలిథిన్ బూట్లే కనిపించాయి. బయటికొచ్చేసరికి ఆ మనిషి ముఖం మారిపోయింది. చాసిస్ రెండు చోట్ల విరిగిందట, ఇంజను పగిలి లోపల వాననీళ్ళు నిండాయట, ఈ కారు ఈ జన్మలో నడవదట. నలభై మంది చేత్తో లాగి ఇక్కడికి తెచ్చారంటే తను నమ్మలేకపోతున్నానన్నాడు. అయితే కింద తీసిన ఫొటోలు చాలవు, పైకప్పు అసలు స్థితి కూడా కనిపించాలి, ఆ గుంజ తియ్యాలన్నాడు.

కమ్మరితాత తియ్యనన్నాడు. గుంజ తీస్తే కూలిపోతుంది, చూస్తూ చూస్తూ ఎలా తీస్తారు అన్నాడు. ఊరిపెద్ద నా వైపు చూశాడు. అందరూ నా వైపే చూశారు. తియ్యమన్నాను. నలుగురు గుంజ పీకారు. పైకప్పు ఒక్క మూలుగు మూలిగి సీట్ల మీదికి కుంగింది, ముగ్గులేసిన ఎర్రమన్ను పెళ్ళలుగా రాలింది. ముసలమ్మలు అయ్యయ్యో అని నోటికి చేతులడ్డం పెట్టుకున్నారు. సర్వేయరు గబగబా నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసుకున్నాడు. వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపాడు.

"టోటల్ లాస్ మేడమ్. కంగ్రాట్యులేషన్స్."

ఒక్కళ్ళూ చప్పట్లు కొట్టలేదు. తనిఖీ అయ్యాక ఆఫీసరు నవ్వుతూ వెళ్తే చప్పట్లు కొట్టాలని కూడా నేను నేర్పాను. పిల్లలు ఆఫీసరు ముఖంలో నవ్వు చూసి, నా ముఖం చూసి, కూలిన కారు చూసి, ఏం చెయ్యాలో తెలియక అలాగే నిలబడిపోయారు.

సర్వేయరు జీపెక్కి కూర్చున్నాడు. నేనూ ఎక్కబోతుంటే ఊరిపెద్ద ఆగమన్నాడు. ఇంట్లోకెళ్ళి నా బ్యాగు తెచ్చాడు. ఫోనుంది, అద్దం పగిలింది. టిఫిను డబ్బా ఉంది, తోమి ఉంది. పరీక్ష పేపర్లన్నీ ఒక గుడ్డలో చుట్టి ఉన్నాయి. లోయంతా ఎగిరిపోయిన కాయితాల్ని ఒక్కొక్కటే ఏరి, కాఫీ ఆరబెట్టే గచ్చు మీద రాళ్ళు పెట్టి ఆరబెట్టారట. గుడ్డ విప్పాను. అన్నిటికంటే పైన నా అర్జీ ఉంది. సిరా కాస్త పాకింది గానీ ప్రతి అక్షరమూ తెలుస్తోంది.

నా ముఖం ఎలా అయిందో నాకు తెలీదు. అతనే మాట్లాడాడు.

"అయిదో తరగతి గుంట సదివింది. ఊరందరం కూకొని ఇన్నాం. ఎక్కడా ఆగలేదు టీచరమ్మా, ఒక్క తప్పు పోలేదు. బాగా నేర్పీసినావు."

అర్జీ మడిచి బ్యాగులో పెట్టేశాను. అతను ఇంకాస్త దగ్గరికొచ్చి, సర్వేయరు వినకుండా, నన్ను తప్పుపడుతున్నట్టు కాకుండా, లెక్కలో ఎక్కడ పొరపాటొచ్చిందో తెలియని పిల్లాడిలా చెప్పాడు.

"బండి పాతదయిపోనాది, అందుకే ఎల్పోతానని రాసేవు. మరే కారణం రాయలేదు. అందుకే కదా బండి బాగు సేసేం."

నిజమే. నేను మరే కారణమూ రాయలేదు. విసుగొచ్చిందని రాయలేదు. మంచులో ఒక్కదాన్నే గదిలో కూర్చుని ఏడుపొచ్చేదని రాయలేదు. ఆరేళ్ళు చేసింది చాలు, ఇంక వేరెవరైనా చేసుకోనీ అని లోపల ఉన్న అసలు మాట రాయలేదు. అర్జీలో రాయడానికి పనికొచ్చే కారణం ఒక్కటే రాశాను. వాళ్ళు ఆ ఒక్కదాన్నీ పట్టుకుని నలభై మంది రెండు రోజులు లోయలోంచి లాగారు. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. సోమవారం వస్తావా అని ఊరిపెద్ద అడిగాడు. వస్తానన్నాను. అంతమంది చూస్తుండగా ఇంకేమనగలను?

బీమా సొమ్ము రావడానికి చాలా నెలలు పట్టింది. ఎవరు నడుపుతున్నారన్న గడిలో సర్వేయరు చివరికి నా పేరే రాసి, పక్కన 'వాహనము వెలుపల నుండి' అని రాశాడట. కంప్యూటరు ఒప్పుకుంది. పాత ఇనుముకి కారు తీసుకెళ్ళాలని ఒక మనిషి లారీ వేసుకుని వచ్చాడు గానీ, బస్సాగే చోట నిలబడి రోడ్డు చూసి, అటునుంచటే వెళ్ళిపోయాడు.

ఆ సోమవారం బస్సు దిగేసరికి సన్నటి తుంపర పడుతోంది. గొడుగు విప్పి రోడ్డు వైపు చూశాను. ఊరిపెద్ద, ఇంకో నలుగురు నిలబడి ఉన్నారు. వాళ్ళ పక్కన నేల మీద డోలీ ఉంది, వెదురుకర్రకి దుప్పటి ఉయ్యాల కట్టినది. రోగులనీ నెలలు నిండినవాళ్ళనీ కిందికి మోసుకొచ్చేది. ఎవరికి బాలేదు అని కంగారుగా అడిగాను. ఎవరికీ ఏమీ కాలేదు, నీకోసమే అన్నారు.

కోపం నషాళానికంటింది. నేనేమైనా రోగినా, నిండుచూలాలినా, బడికెళ్ళే టీచర్ని డోలీలో మోస్తారా, ఎవరైనా ఫొటో తీస్తే నా ఉద్యోగం ఉంటుందా అని చెడామడా తిట్టాను. తిట్టినంతసేపూ విన్నారు. నేను నడవడం మొదలుపెట్టాను. వాళ్ళు ఖాళీ డోలీ భుజాన వేసుకుని నా వెనకే నడిచారు. వెనక్కి పొమ్మంటే ఊరు అటే కదా అన్నారు. ఎదురొచ్చిన జీపు డ్రైవరు ఒకసారి డోలీని, ఒకసారి నన్ను చూసి, ఏమీ అడక్కుండా దారిచ్చాడు. అలా మూడు కిలోమీటర్లు నేను ముందు, డోలీ వెనక ఊరేగాం. మూడోది దాటాక మోకాలు ఒక్కసారి పట్టేసింది. రోడ్డు పక్క రాయి మీద కూర్చున్నాను. డోలీ తెచ్చి నా ముందు నేల మీద పెట్టి, నలుగురూ అటు తిరిగి నిలబడ్డారు.

ఎక్కాను. కర్ర భుజాల మీదికి లేచింది. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఏది ముందొచ్చిందో చెప్పలేను. బరువుగా ఉన్నానా అని అడిగాను. కారు కంటే నయమేనట. బ్యాగు ఒళ్ళో పెట్టుకున్నాను. అందులో అర్జీ ఉంది, ఇవ్వడానికి గడువు ఇంకా రెండు రోజులుంది. అది అక్కడే ఉందని వాళ్ళకీ తెలుసు. తుంపర కాస్తా వానైంది. పక్కన నడుస్తున్న ఊరిపెద్ద తన గొడుగు నా ఒళ్ళోని బ్యాగు మీదికి వంచాడు.

"సంచీ లోపలికి పెట్టుకో టీచరమ్మా. కాయితాలు తడిసిపోగలవు."

గడువు దాటిపోయేదాకా నేనా బ్యాగు తెరవలేదు.